ఒకే పేరు మీద పద్నాలుగు అంగళ్లు

ఏజెంట్ కృపమణి అత్తగారు ప్రేమమ్మకు ఒక జబ్బు ఉంది. ఏ డాక్టరు దగ్గరా దానికి మందు లేదు. ఇంట్లో ఫోన్ ఎవరిదైనా సరే, మోగితే ముందు ఆమే ఎత్తాలి.

2008 మే నెలలో ఒక మధ్యాహ్నం, కల్లూరులోని వాళ్ల కొత్త ఇంట్లో, రహస్య విభాగం ఇచ్చిన నల్ల సెల్‌ఫోన్ మోగింది. ఆ నంబరు దేశం మొత్తం మీద ముగ్గురికే తెలుసు. ఎత్తింది నాలుగో మనిషి.

"హలో, ఎవరు?"

అవతల ఒక గంభీరమైన గొంతు వేరుశనగల ధర అడిగే కోడ్ వాక్యం పలికింది. "బుడ్డలు ఎంతకు పలుకుతున్నాయి?"

"ఈ యేడు బుడ్డలు యాడివి నాయనా, వానే ల్యాకపాయ. మా తమ్మునింట్లో రెండు బస్తాలు ఉండాయి. మీకు కావాలంటే అడిగి పెడతా. మీది ఏ ఊరు?"

దేశభద్రతకు సంబంధించిన ఆ సంభాషణ బస్తా ధర దాకా పోయింది. కృపమణి తడి చేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఫోన్ లాక్కునేసరికి, చీఫ్ మహానంది రవాణా ఖర్చు ఎవరిదని అడుగుతున్నాడు.

"అట్ల గుంజుకుంటావేమే? బేరం కుదురుతాండాది," అంది ప్రేమమ్మ.

కృపమణి మేడ మీదికి వెళ్లి తలుపు వేసుకుంది.

"లైన్ సెక్యూరేనా?" అన్నాడు చీఫ్.

"ఇప్పుడు సెక్యూరే సార్. అత్త కింద ఉంది."

"విను. గుండె జబ్బు మనుషులు చనిపోతున్నారు. మందు మానేసి కాదు, క్రమం తప్పకుండా వేసుకుంటూనే. మాత్రలు ల్యాబ్‌కు పంపాం. రిపోర్ట్ వచ్చింది. సుద్దపొడి."

"ఎక్కడ కొన్నారు?"

"నెట్‌లో. పద్నాలుగు వెబ్‌సైట్లు. ఒకటి లండన్ అంటుంది, ఒకటి సింగపూర్ అంటుంది. వెనకున్నది ఒక్క ఫారిన్ రింగ్. బాస్ పేరు వాల్టర్. ఏ దేశం వాడో పాస్‌పోర్ట్‌ను బట్టి మారుతుంటుంది."

"నెట్‌లో కార్డు మీద డబ్బు తీసుకోవాలంటే బ్యాంక్ మర్చంట్ అకౌంట్ ఇవ్వాలి కదా సార్. వీడికి ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. బ్యాంక్ అకౌంట్ ఇచ్చే ముందు మనిషిని చూస్తుంది, సరుకును చూస్తుంది. వాల్టర్‌ను చూస్తే కుర్చీ కూడా వేయదు. అందుకని, మంచి పేరున్న ఒకే ఒక్క అంగడి అకౌంట్ వెనక దాక్కొని పద్నాలుగు సైట్లనూ నడుపుతున్నాడు. సైట్ ఏదైనా కార్డు బిల్లు మీద వచ్చే పేరు ఒక్కటే." చీఫ్ గొంతు తగ్గించాడు. "రామసుబ్బయ్య అండ్ సన్స్, ఇత్తడి సామాన్లు, కర్నూలు."

కృపమణికి ఆ పేరు కొత్త కాదు. ఆమె పెళ్లి బిందె ఆ అంగట్లోనే కొన్నారు. 'సన్స్' ఎవరూ లేరు. బోర్డు రాయించినప్పుడు పుడతారనుకున్నాడు, అంతే.

"సార్, బిందెకు సొట్ట ఉంటే తనే చూపించి మార్చి ఇచ్చే మనిషి ఆయన."

"అందుకే వాళ్లు ఆయన్ని ఎంచుకున్నారు."

"బ్యాంక్‌తో ఆపించండి."

"ఢిల్లీ ఆర్డర్ కావాలి. సోమవారం అంటున్నారు. రేపు సాయంత్రం ఐదింటికి, వచ్చిన ఆర్డర్లన్నిటి కార్డులూ ఒక్కసారే నడిపే వాళ్ల పెద్ద బ్యాచ్ ఉంది. కార్డులు పాసైన మరుక్షణం ఆరు రాష్ట్రాల్లోని గోడౌన్ల నుంచి మాత్రలు కదులుతాయి. గోడౌన్లు ఎక్కడో మనకు తెలీదు. అకౌంట్ ఓనర్ మాత్రం ఒక్క ఫోన్ కాల్‌తో ఆపగలడు. మన వాణ్ని ఒకణ్ని పంపితే, ఆయన మజ్జిగ తాగించి పంపేశాడు. నువ్వు వెళ్లు. ముందు రేపు పొద్దున గండికోటలో వాసవిని కలువు."

"ఏ వాసవి?"

"వాల్టర్ మనిషి. మన మనిషి కూడా. ఎక్కువగా ఎవరి మనిషో నువ్వే తేల్చు."

లైన్ కట్ అయింది.

కృపమణి లోకానికి ఇన్సూరెన్స్ ఏజెంట్. అంతకంటే మంచి కవర్ విభాగానికి దొరకలేదు. ఆ మాట చెబితే ఎవరూ రెండో ప్రశ్న వేయరు, చాలామంది మొదటిది కూడా పూర్తి చేయరు. ఆ రాత్రి ఆమె నుదుట పెద్ద బొట్టు పెట్టుకుని, రహస్య ట్రాన్స్‌మిటర్ అమర్చిన టిఫిన్ క్యారియర్ పట్టుకుని బయల్దేరింది. చర్చికి పోయే ఇంటి కోడలి నుదుట ఆ బొట్టు చూసి ప్రేమమ్మ కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. ఖాళీ క్యారియర్ ఇంట్లోంచి పోకూడదని అడుగు గిన్నె నిండా బొరుగుల ఉగ్గాని కూరింది. ట్రాన్స్‌మిటర్ ఆ నూనెలోనే ప్రాణం విడిచింది.

*

గండికోట గోడల మీద పొద్దు ఎక్కుతోంది. కింద లోయలో పెన్న, ఎండకు సన్నబడి, రాళ్ల మధ్య ఒక చార లాగా ఉంది. బురుజు నీడలో నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు కనిపించాయి. రాళ్లలో మడమ చెప్పులతో నడవగలిగిన మనిషిని కృపమణి మొదటిసారి చూసింది.

"ఇంత ఎండలో కోట చూసేదానికి ఎవరొస్తారు?" అంది కృపమణి. అది కోడ్.

"పాలసీ లేనోళ్లు," అంది శ్రీవాసవి. అది జవాబు.

వాసవి బెంగళూరులో పేమెంట్ కన్సల్టెంటు. ఐదు భాషల్లో అబద్ధం చెప్పగలదని విభాగం ఫైల్లో రాసి ఉంది. కళ్లద్దాలు తీసింది. కళ్లు బాగా ఉబ్బి ఉన్నాయి.

"రామసుబ్బయ్య నాకు మేనమామ వరస. నాలుగు వెబ్‌సైట్లు నీ అకౌంటు మీద నడుపుకుంటాం మామా అన్నా. పూజ సామాను అని చెప్తే, సూపించమని కూడా అడగల్యా. మనోళ్ల పిల్ల అడిగింది, ఇచ్చినాడు. నాలుగు పద్నాలుగైనాయి."

"మరి ఇప్పుడెందుకు మావైపు వచ్చినావు?"

వాసవి లోయలోకి చూసింది. "పోయిన నెల ఆయన అంగట్లో కూర్చోని ఉండాను. ఎదురంగడి శివన్న వచ్చినాడు. దుప్పట్లు అమ్ముతాడు, మామకు ప్రాణం లాంటోడు. నవ్వుతా నవ్వుతా రొమ్ము పట్టుకున్న్యాడు. మామ నీళ్లు పట్టినాడు. ఆయప్ప జేబులో నుంచి మాత్రల అట్ట తీసి ఒకటి వేసుకున్న్యాడు. అదే కడ, ఇంక లెయ్యల్యా. అట్ట నా కాళ్ల కాడ పడింది." చేతిసంచి తెరిచి ఒక అట్ట బయటికి తీసింది. తెల్ల మాత్రలు, మధ్యలో నీలం గీత. "మూడేండ్లు అమ్మినానక్కా. మనిషి మింగేది ఆ పొద్దే సూసినా."

గాలి వేడిగా కొడుతోంది. కృపమణి అట్ట తీసుకుంది.

"ఈ సంగతి మీ మామకు నువ్వే చెప్పొచ్చు కదా?"

"రెండుసార్లు పోయినా. పోతానే మంచం వాల్చి, అన్నం తినమంటాడు. నాకు నోరు రాల్యా."

తర్వాత ఆమె మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంది. గొంతు మారింది. "వాల్టర్ ఐదింటికి ఓర్వకల్లు రాళ్లగుట్టల కాడ, పాత గ్రానైట్ షెడ్డులో ఉంటాడు. ముందే పోలీసులు వస్తే ఇంకో దేశం నుంచి మీట నొక్కుతారు. అకౌంటు ఆగినాకే రావాలి."

"నువ్వు?"

"నేనూ ఆడే ఉంటా. ల్యాకుంటే వానికి అనుమానం వస్తుంది."

నల్ల ఫోన్‌లో చీఫ్‌కు ఆ సంగతి చేరవేసి, కృపమణి కర్నూలు బస్సెక్కింది. విభాగం జీపుకు డీజిల్ శాంక్షన్ ఇంకా రాలేదు. జమ్మలమడుగు దాటాక నల్ల టీషర్ట్ మనిషి ఒకడు వచ్చి ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు. వాల్టర్ మనిషి. నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉంది. కృపమణి బ్యాగు తెరిచింది. బయటికి తీసింది పిస్టల్ కాదు, పాలసీ కరపత్రం.

"అన్నా, నీకు పిల్లలెందరు? రేపు నీకేమన్నా అయితే వాళ్ల గతి ఏంది?"

వాడు కోయిలకుంట్లలో దిగిపోయాడు. వాడు కొన్న టికెట్ కర్నూలు దాకా ఉంది.

*

బస్సు టైరు ఒకచోట పేలింది. కృపమణి వన్‌టౌన్ బజారులో అడుగు పెట్టేసరికి ఐదు కావడానికి అరగంట కూడా లేదు.

రామసుబ్బయ్య అంగట్లో బిందెలు పైకప్పు దాకా మెరుస్తున్నాయి. గల్లాపెట్టె పక్కన, అల్లిన గుడ్డ కింద, కుంకుమబొట్టుతో కార్డులు గీకే మిషను. తెల్ల పంచె, తెల్ల చొక్కా, ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో రామసుబ్బయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన చూపు మాటిమాటికీ ఎదురంగడి మీదికి పోతోంది. అక్కడ శివన్న కూర్చునే చోట ఇప్పుడు శివన్న భార్య నాగలత కూర్చుని దుప్పట్లు మడత పెడుతోంది.

"ఏమ్మా, బిందె సొట్టపోయిందా?"

"లేదు సెట్టి గారూ. మీ మర్చంట్ అకౌంట్ గురించి వచ్చినా. నేను గవర్నమెంట్ మనిషిని." కార్డు చూపించింది.

ఆయన ముఖం ముడుచుకుంది. "నిన్న గాక మొన్న ఒకాయన వచ్చి ఇదే పాట పాడిపాయ. వాసవి నా మేనకోడలు. మాటిచ్చినా. అకౌంటు మూసేది ల్యా."

"ఒక అంగడికి ఇచ్చిన అకౌంట్‌ను పద్నాలుగు అంగళ్లు వాడితే తప్పు కదా?"

ఆయన జవాబు చెప్పేలోపు చెప్పుల అంగడి ఏసన్న ఒక గిరాకీని వెంటబెట్టుకుని వచ్చాడు. "సెట్టీ, ఈయప్ప కార్డు గీకు. రెండు జతలు."

రామసుబ్బయ్య గుడ్డ తీసి, కార్డు గీకి, కాగితం చింపి ఇచ్చాడు. గల్లాలోంచి దుడ్లు తీసి ఏసన్నకు లెక్క పెట్టాడు. పైసా పట్టుకోలేదు.

"సూస్తివా?" అన్నాడు కృపమణితో. "ఈ వీధిలో ముందు నాకే మిషను ఇచ్చినారు. మిగతా అంగళ్లకు ల్యా. వాళ్ల గిరాకీ వాపసు పోవాల్నా? అందరివీ ఈడే గీకుతాం. బిల్లు మీద నా పేరే వస్తాది. ఇత్తడి అంగట్లో చెప్పులు కొన్నెట్ల ఉంటాది. దాంట్లో ఏమి పాపముండాది?"

"ఏసన్న చెప్పులు మీ కళ్ల ముందే ఉన్నాయి సెట్టి గారూ. తెగితే జనం మీ ఇద్దరినీ అడుగుతారు. ఆ పద్నాలుగు అంగళ్లలో ఏముందో మీరు ఎప్పుడైనా చూశారా?"

"పూజ సామాను అనింది."

కృపమణి బ్యాగు తెరిచింది. మాత్రల అట్టను గల్లాపెట్టె మీద పెట్టింది.

రామసుబ్బయ్య కళ్లజోడు సర్దుకుని చూశాడు. తెల్ల మాత్రలు, నీలం గీత. ఒకటి తక్కువ.

"ఇది శివన్నది కదా," అన్నాడు మెల్లగా. "నీకెట్ల వచ్చె?"

"వాసవి ఇచ్చింది. ఇది ఆ పద్నాలుగింట్లో ఒక అంగడి సరుకు. లోపల ఉన్నది సుద్దపొడి."

బజారులో ఆటోలు పోతున్నాయి. ఎవరో బిందె మీద పేరు చెక్కుతున్నారు, టకటకమని. రామసుబ్బయ్య అట్టను వేలితో ముట్టుకుని, వేడి తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"ఉగాదికి ముందు ఈడనే ఉండె వాడు," అన్నాడు. "బిల్లు చూపించి నవ్వె. 'ఏమప్పా, నెట్లో మాత్రలు కొంటే నీ అంగడి పేరు వస్తాండాది, నువ్వు మందులు కూడా పెట్టినావా? తక్కువకు ఇస్తాండారు, వేసుకోవచ్చునా?' అని అడిగె. నేను..." ఆయన ఆగాడు. "నేను గర్వంగా చెప్పినా. 'నా పేరు మీద వచ్చిందంటే మంచిదే అప్పా, కళ్లు మూసుకోని వేసుకో' అంటి."

కృపమణి అట్టను ఆయన వైపు ఇంకొంచెం జరిపింది.

"అట్లని నేనేమి చేసినా? మంచికే కదా ఇచ్చినా," అన్నాడాయన. గొంతు పెరిగింది. "దాంట్లో నాదేముండాది?"

"ఐదింటికి ఇంకా చాలామంది మీ పేరు చూసి కొంటారు సెట్టి గారూ."

గోడ గడియారం పది నిమిషాలు తక్కువ ఐదు చూపిస్తోంది. ఆయన ఎదురంగడి వైపు చూశాడు. నాగలత ఒక దుప్పటి దులిపి, దాని నాణ్యం గురించి ఎవరికో ఒట్టు పెట్టి చెబుతోంది. ఆయన ఫోన్ ఎత్తాడు.

ఫోనులోని ఆడగొంతు స్వాగతం చెప్పింది. తెలుగు కోసం రెండు నొక్కమంది. కార్డు పోతే మూడు, లోన్ కావాలంటే నాలుగు. తర్వాత వీణ మొదలైంది. దేశద్రోహులను పట్టుకునే పనిలో ఇన్నేళ్లలో కృపమణి తుపాకులను చూసింది, బాంబులను చూసింది. ఆ వీణంత భయపెట్టింది మాత్రం ఏదీ లేదు. వీణ ఆగింది. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది అంది గొంతు. మళ్లీ వీణ.

ఓర్వకల్లు షెడ్డులో వాల్టర్ స్క్రీన్ ముందు కుర్చీ లాక్కున్నాడు. పక్కన వాసవి నిలబడి ఉంది. బ్యాచ్ సిద్ధంగా ఉంది.

"చెప్పండి సార్," అన్నాడు చివరికి ఒక మనిషి.

రామసుబ్బయ్య పేరు చెప్పాడు, నంబరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. "నా మర్చంటు అకౌంటు ఆపేయప్పా. ఇప్పుడే."

"కారణం సార్?"

ఆయన నోరు తెరిచాడు. ఎదురంగడి వైపు చూసి మళ్లీ మూసుకున్నాడు.

"కారణం లేకుంటే సిస్టమ్ ముందుకు పోదు సార్."

గడియారం ముల్లు కదిలింది. కృపమణి గల్లాపెట్టె అంచును గట్టిగా పట్టుకుంది.

"అంగడి ఎత్తేస్తాండా," అన్నాడు రామసుబ్బయ్య.

"శాశ్వతంగానా?"

"ఆ."

అవతల ఒక మీట నొక్కిన చప్పుడు. గోడ గడియారం ఐదు కొట్టడం మొదలుపెట్టింది.

ఓర్వకల్లులో స్క్రీన్ మీద మొదటి వరస ఎర్రగా మారింది. డిక్లైన్డ్. తర్వాతది డిక్లైన్డ్. పైనుంచి కింది దాకా, తెర మొత్తం ఎరుపు. ఆరు రాష్ట్రాల్లో ఒక్క లారీ కూడా కదలలేదు. వాల్టర్ మెల్లగా వాసవి వైపు తిరిగాడు. జేబులో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి బయటికి వచ్చేలోపే షెడ్డు తలుపులు విరిగి పడ్డాయి. గుట్టల వెనక ఐదింటి దాకా కాచుకున్న పోలీసులు లోపలికి వచ్చి అందరికీ బేడీలు వేశారు. అందరిలో వాసవి కూడా ఉంది.

*

"ఆమె మన మనిషి సార్," అంది కృపమణి ఫోన్లో.

"మన రికార్డుల్లో ఆ పేరు లేదు."

"రికార్డులో పెట్టకుండా పని చేయించుకున్నది మనమే కదా సార్."

"రెండు వైపులా పని చేసినవాళ్లకు ఒక వైపు పెన్షన్ కూడా రాదు కృపమణీ," అన్నాడు చీఫ్ మహానంది. ఆయన గొంతులో కూడా సంతోషం లేదు.

కడప జైలులో వాసవి నేతచీరలో, చదునైన చెప్పులతో, చిన్నపిల్ల లాగా కనిపించింది. తన గురించి ఏమీ అడగలేదు.

"మామ ఎట్ల ఉండాడు?"

"అంగడి ఖాళీ చేస్తాండాడు. ఎవరితోనూ మాట్లాడ్డం లేదు."

"కేసులో ఆయన పేరు?"

"సాక్షి. మోసపోయిన మనిషి అని రాశారు."

వాసవి ఊచల మీద వేళ్లు పెట్టింది. "నన్ను రోజూ అడుగుతాండారక్కా, తప్పు చేసినావా అని. రోజూ చేసినా అంటాండా. చెప్పేకొద్దీ రొమ్ము మీద బరువు దిగుతాండాది. ఆయన్ను ఎవరూ అడగరు. ఎట్ల మోస్తాడో."

కృపమణి మర్నాడు వన్‌టౌన్ బజారుకు వెళ్లింది. ఏ డ్యూటీ మీద వెళ్లిందో రిపోర్టులో రాయలేదు.

రామసుబ్బయ్య అంగట్లో అలమారాలు బోసిగా ఉన్నాయి. మిగిలిన బిందెలకు గోనె చుట్టి ఉంది. ఎదురంగడి నుంచి నాగలత పంపిన మజ్జిగ గ్లాసు ముట్టకుండా పక్కన ఉంది. శివన్న ఉన్నప్పటి నుంచి మధ్యాహ్నం మజ్జిగ వాళ్లింటి నుంచే. ఆమెకు మాత్రల సంగతి ఎవరూ చెప్పలేదు. గుండె ఆగిపోయిందని డాక్టర్ రాశాడు, అది అబద్ధం కాదు కూడా.

"తాగండి సెట్టి గారూ," అంది కృపమణి.

"ఎట్ల తాగేది?" అన్నాడాయన.

కృపమణి గోనె చుట్టిన బిందెల పక్కన కూర్చుంది. తర్వాత ఆయన లేచాడు. చొక్కా గుండీలు పై దాకా పెట్టుకున్నాడు, పెద్దపని మీద పోయేవాడిలాగా. గ్లాసు పట్టుకుని వీధి దాటాడు. కృపమణి గడప దగ్గరే నిలబడిపోయింది.

దుప్పట్ల అంగట్లో నాగలత, ఓర్వకల్లు వైపు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లతో బేరంలో ఉంది. దుప్పటి ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస వాళ్ల చేతిలో.

"రా అన్నా, కూర్చో. మజ్జిగ పులిసిందా ఏమి, అట్లనే తెచ్చినావు?"

ఆయన ఏదో అన్నాడు.

"ఏమి? వినపడల్యా అన్నా. ఈ ఫ్యాను మోత ఒకటి. గట్టిగా చెప్పు."

ఆయన ఇంకోసారి అన్నాడు. ఈసారీ మోతలోనే కలిసిపోయింది. నాగలత ఆయన ముఖం చూసింది. దుప్పటి కొస వదిలేసి, లేచి, ఫ్యాను ఆపేసింది.

రెక్కలు తిరిగి తిరిగి నిలబడ్డాయి. వేడి కమ్ముకుంది. గిరాకీలు కూడా బేరం ఆపి చూస్తున్నారు.

"ఆ మాత్రలు మంచివని శివన్నకు చెప్పింది నేనే నాగలతమ్మా," అన్నాడు రామసుబ్బయ్య, వీధి అవతలికి కూడా వినపడేటట్టు. "నా పేరు ఉండాదని సూసుకోకుండా చెప్పినా. దాంట్లో మందే ల్యాకపాయ. ఎవరో మోసం చేసినారని అందరూ అంటాండారు. కాదు. తప్పు నాది."